పోలీసు శాఖ తరఫున వాదించి నేర్చుకున్న పాఠాలు

మాది చుండూరు. తెనాలిలో ప్రాక్టీసు మొదలుపెట్టాను. తర్వాత హైదరాబాదు వెళ్లి, రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ముందు ప్రభుత్వ న్యాయవాదిగా పోలీసు శాఖ సర్వీసు కేసులు చూశాను. కానిస్టేబుల్ సస్పెన్షన్, హెడ్ కానిస్టేబుల్ ఇంక్రిమెంటు కోత, ఎస్సైల సీనియారిటీ తగాదా, డిస్మిస్ అయిన వాడి అప్పీలు. నా వృత్తి జీవితంలో పెద్ద భాగం ఈ ఫైళ్లతోనే గడిచింది.

చుండూరులో పుట్టి పోలీసుల తరఫున ఎట్లా నిలబడ్డావయ్యా అని మా ఊళ్లో పెద్దలే అడిగారు. న్యాయమైన ప్రశ్నే అది. పోలీసు పికెట్ ఉండగానే మా ఊళ్లో ఎనిమిదిమంది దళితులను చంపిన 1991 ఆగస్టు 6 తర్వాత మా ఊరివాళ్లు పోలీసు అనే మాటను మామూలుగా వినలేరు. నేను చెప్పిన జవాబు ఇది. తప్పు చేసిన పోలీసుకు శిక్ష పడాలి, పడిన శిక్ష కోర్టులో నిలవాలి. తప్పు చేయనివాడి మీద పై అధికారి కోపం శిక్షగా మారకూడదు. శాఖాపరమైన విచారణ పద్ధతిగా జరిగితేనే ఈ రెండూ సాధ్యం. ఆ పద్ధతిని కాపాడటానికే నేను ఆ పని చేశాను. సర్వీసు లా వైపు వద్దామనుకుంటున్న మన ప్రాంతపు కుర్ర న్యాయవాదుల కోసం, నాకు తెలిసినంతవరకు, ఈ పాఠాలు రాస్తున్నాను.

1. కానిస్టేబుల్‌కు యూనియన్ లేదని గుర్తుంచుకో

ఆ రోజుల్లో ఆర్టీసీ కండక్టర్‌ను తీసేస్తే వెనక యూనియన్ ఉండేది. లేబర్ కోర్టుకు వెళ్లేవాడు, అవసరమైతే డిపో గేటు ముందు కూర్చునేవాడు. కానిస్టేబుల్‌కు అదేమీ లేదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం పోలీసు ఉద్యోగిని కార్మికుడిగా లెక్కించలేదు. రాజ్యాంగంలోని 33వ అధికరణ కింద 1966లో చేసిన చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోలీసులు సంఘం పెట్టుకోకూడదు, పత్రికలకు ఎక్కకూడదు. పోలీసు అధికారుల సంఘం ఉన్న మాట నిజమే గాని, సమ్మె నోటీసు ఇచ్చి బేరమాడే శక్తి దానికి లేదు.

అందువల్ల అతనికి మిగిలింది రాజ్యాంగంలోని 311వ అధికరణ, ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు (సీసీఏ రూల్స్). ఈ రెండే. తనను నియమించిన అధికారికన్నా కింది అధికారి ఉద్యోగంలోంచి తీసేయకూడదు. అభియోగం చెప్పి, విచారణ జరిపి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తీసేయకూడదు. కానిస్టేబుల్‌ను నియమించేది ఎస్పీ, కాబట్టి అదనపు ఎస్పీ సంతకంతో వచ్చిన డిస్మిసల్ నిలవదు. ఎస్సై విషయంలో అది డీఐజీ స్థాయి. శాఖ తరఫున నిలబడేవాడు ఫైలు అందగానే చూడాల్సింది శిక్ష ఉత్తర్వు చివరి పేజీలోని సంతకం. అభియోగం ఎంత నిజమైనదైనా ఆ సంతకం తప్పయితే ఓడిపోతావు.

2. చార్జి మెమోలో తేదీ లేకపోతే కేసు లేదు

ఈ పాఠం మీద ఎక్కువసేపు ఆగుతాను. శాఖ ఓడిన కేసుల్లో ఎక్కువ భాగం అక్కడే ఓడాయి.

మన పోలీసు శాఖలో చార్జి మెమో రాసే పద్ధతి ఒకటి తరాలుగా పాతుకుపోయింది. ‘గర్హణీయమైన ప్రవర్తన’, ‘విధుల పట్ల తీవ్ర నిర్లక్ష్యం’, ‘శాఖ ప్రతిష్ఠకు భంగం’. మాటలు ఘాటుగానే ఉంటాయి. వాటి కింద ఏం జరిగిందో ఉండదు. ఒక కానిస్టేబుల్ బందోబస్తు డ్యూటీలో నిర్లక్ష్యం చూపాడని ఒక జిల్లా నుంచి ఫైలు వచ్చింది. ఏ బందోబస్తు, ఏ రోజు, ఏ పాయింటు దగ్గర నిలబెట్టారు, అక్కడ లేడని చూసిన అధికారి ఎవరు? ఒక్కటీ లేదు. ఇలాంటి మెమోకు ఎవరైనా ఏమని జవాబు రాస్తారు? ‘నేను నిర్లక్ష్యం చూపలేదు’ అని ఒక్క ముక్క రాశాడు. అంతకన్నా ఏం రాయగలడు?

సీసీఏ రూల్స్‌లో 20వ నియమం స్పష్టంగా ఉంది. పెద్ద శిక్ష వేయదలచుకుంటే అభియోగాలు విడివిడిగా ఉండాలి. ఒక్కో అభియోగానికి ఆధారమైన సంఘటనల వివరణ ఉండాలి. పత్రాల జాబితా, సాక్షుల జాబితా ఉండాలి. ఈ నాలుగూ జతచేసి పంపిన మెమోలను నేను ట్రిబ్యునల్‌లో ధైర్యంగా సమర్థించాను. ఏదో ఒకటి లోపించినవాటి గురించి ఎస్పీ కార్యాలయానికి ముందే రాసేవాణ్ణి: ఉపసంహరించి, సరిచేసి, మళ్లీ ఇవ్వండి అని. కొందరు విన్నారు. విననివాళ్లు కొన్నేళ్ల తర్వాత బకాయిలతో సహా ఆ ఉద్యోగిని మళ్లీ డ్యూటీలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఆ బకాయిలు ప్రజల పన్ను డబ్బు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆలస్యం కూడా ఈ కోవలోదే. ఎనిమిదేళ్ల నాటి సంగతి మీద ఇవాళ మెమో ఇస్తే, ఆ ఆలస్యానికి కారణం చెప్పగలగాలి. హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్‌లో పనిచేసిన ఒక అధికారి కేసులో, రాధాకిషన్ కేసులో, 1998లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. సాక్షి జ్ఞాపకం చెదిరిపోయాక, స్టేషన్ జనరల్ డైరీ (జీడీ) పుస్తకాలు చెదలు పట్టాక విచారణ అంటే అది ఉద్యోగికీ అన్యాయమే, ఫిర్యాదు చేసినవాడికీ అన్యాయమే.

3. కొద్దిపాటి సాక్ష్యం చాలు, అసలు లేకపోతే చాలదు

మన రాష్ట్రానికి చెందిన ఒక ఎస్సై కేసు దేశమంతటికీ దారి చూపింది. ఒక అనుమానితుణ్ణి చట్టవిరుద్ధంగా నిర్బంధించాడని అభియోగం. శాఖ డిస్మిస్ చేసింది, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1963లో సుప్రీంకోర్టు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ శ్రీరామారావు కేసులో, శాఖ వైపు తీర్పు చెప్పింది. శాఖాపరమైన విచారణ క్రిమినల్ విచారణ కాదు, అనుమానానికి అతీతంగా రుజువు చేయనక్కర్లేదు, హైకోర్టు ఆ విచారణ మీద అప్పీలు కోర్టులా కూర్చుని సాక్ష్యాన్ని మళ్లీ తూచకూడదు అన్నది దాని సారం. అరవై ఏళ్లు దాటినా శాఖ న్యాయవాది నోట మొదట వచ్చే తీర్పు అదే. లాకప్‌లో మనిషిని అక్రమంగా ఉంచిన పోలీసును శాఖే బయటికి పంపవచ్చు, క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు కోసం ఆగనక్కర్లేదు అని చెప్పిన తీర్పు కాబట్టి నాకు దాని మీద గౌరవం.

అయితే దాన్ని పట్టుకుని సాక్ష్యమే లేకుండా శిక్ష వేయొచ్చనుకుంటే పొరపాటు. ఢిల్లీ కానిస్టేబుల్ కుల్దీప్ సింగ్ కేసు 1999లో వచ్చింది. కూలీలకు చేర్చమని ఇచ్చిన డబ్బులో కొంత తన దగ్గరే ఉంచుకున్నాడన్నది అభియోగం. ఆ కూలీలను విచారణలో సాక్షులుగా పిలవలేదు. వాళ్ల పాత వాంగ్మూలాన్ని కాగితం మీద పెట్టి శిక్ష వేశారు. సుప్రీంకోర్టు కొట్టేసింది. తర్వాత 2009లో రూప్ సింగ్ నేగీ కేసులో ఎఫ్ఐఆర్, పోలీసు వాంగ్మూలాలు తమంతట తామే విచారణలో సాక్ష్యం కావని చెప్పింది. పోలీసు అధికారికి ఇది వింతగా ఉంటుంది. రోజూ ఎఫ్ఐఆర్‌లు రాసే చేతికి, అది సాక్ష్యం కాదంటే నమ్మబుద్ధి కాదు. ఆ మాట వాళ్లకు పదేపదే చెప్పాలి. సాక్షిని కూర్చోబెట్టండి, చెప్పించండి, ఉద్యోగిని ప్రశ్నలు అడగనివ్వండి.

4. క్రిమినల్ కేసు, శాఖ విచారణ: రెండూ నడవొచ్చు

అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీకి) చిక్కిన ఉద్యోగి మొదట అడిగేది క్రిమినల్ కేసు తేలేదాకా శాఖ విచారణ ఆపమని. ఆపాల్సిన అవసరం లేదని మన ఆర్టీసీ కేసులోనే, యూసుఫ్ మియా కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. చిక్కుముడి లాంటి వాస్తవాలు, చట్టపరమైన పెద్ద ప్రశ్నలు ఉన్నప్పుడు మాత్రమే ఆపడం గురించి ఆలోచించాలి.

దీనికి రెండో వైపు కోలార్ బంగారు గనుల నుంచి వచ్చింది. మన తెలుగువాళ్లు తరతరాలుగా పనిచేసిన గనులవి. అక్కడి సెక్యూరిటీ ఆఫీసర్ కెప్టెన్ పాల్ ఆంథోనీ ఇంట్లో 1985లో పోలీసులు సోదా చేసి బంగారం ముద్ద, బంగారపు ఇసుక దొరికాయన్నారు. సస్పెండ్ చేశారు. సస్పెన్షన్ కాలంలో ఇవ్వాల్సిన జీవనభృతి ఇవ్వలేదు. కేరళలోని సొంత ఊరి నుంచి విచారణకు రావడానికి డబ్బు లేక రాలేకపోయాడు. అతను లేకుండానే విచారణ ముగించి డిస్మిస్ చేశారు. తర్వాత అదే సోదా, అదే సాక్షుల మీద నడిచిన క్రిమినల్ కేసులో కోర్టు సోదానే నమ్మలేదు. 1999లో సుప్రీంకోర్టు అతన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది.

ఈ తీర్పును చాలామంది ‘క్రిమినల్ కేసు కొట్టేస్తే శాఖ శిక్ష కూడా పోతుంది’ అన్నట్టు చదువుతారు. నేను దాన్ని జీవనభృతి తీర్పుగా చదువుతాను. సస్పెన్షన్‌లో ఉన్న కానిస్టేబుల్‌కు నెలనెలా భృతి అందుతోందా అని శాఖ న్యాయవాది కనుక్కోవాలి. అందకపోతే ఆ విచారణ ఎక్స్‌పార్టీగా ముగించవద్దని అధికారులకు చెప్పాలి.

5. విచారణ నివేదిక కాపీ ఇవ్వండి

హైదరాబాదులోని ఈసీఐఎల్ కేసు, కరుణాకర్ కేసు, 1993లో అయిదుగురు జడ్జీల తీర్పు. శిక్ష వేయకముందే విచారణాధికారి నివేదిక ఉద్యోగికి ఇవ్వాలి, దానిమీద అతను చెప్పుకునేది వినాలి. పోలీసు శాఖలో ఆ నివేదికను మినిట్ అంటారు. మినిట్ కాపీ ఇచ్చినట్టు సంతకం ఫైలులో ఉందో లేదో చూడు. ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

6. సస్పెన్షన్ శిక్ష కాదని నియమం అంటుంది, ఇంట్లో మాత్రం అది శిక్షే

సస్పెన్షన్ విచారణ సజావుగా జరగడానికి తాత్కాలిక ఏర్పాటు. కానీ సగం జీతంతో బతకాల్సి వచ్చిన ఇంట్లో పిల్లల ఫీజులు, బ్యాంకు లోను కిస్తీలు ఆగుతాయి. ఊళ్లో అందరూ దొంగను చూసినట్టు చూస్తారు. పోలీసు క్వార్టర్లలో ఉండే కుటుంబమైతే పక్కింటివాళ్లు కూడా మాట్లాడటం మానేస్తారు. 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల్లోపు చార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ కొనసాగకూడదంది. దీన్ని శాఖకు వ్యతిరేకమైన తీర్పుగా చూసే అధికారులను చాలామందిని కలిశాను. నేనలా చూడను. నిజంగా తప్పు జరిగితే మూడు నెలల్లో మెమో రాయలేని శాఖ, మూడేళ్లలో దాన్ని రుజువు చేస్తుందా?

వీఆర్‌కు పంపడం మరో సంగతి. కారణం రాయకుండా సీఐనో ఎస్సైనో స్టేషన్ నుంచి తీసి వేకెన్సీ రిజర్వులో కూర్చోబెడతారు. అది సస్పెన్షన్ కాదు, శిక్ష కాదు, కోర్టులో ప్రశ్నించడం కష్టం. స్థానిక నాయకుడి మాట వినని అధికారికి ఇలా జరిగిన సందర్భాలు ఈ డెల్టాలో అందరికీ తెలుసు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల కాలవ్యవధి ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశాన్ని మనస్ఫూర్తిగా అమలుచేస్తే సగం సర్వీసు కేసులు పుట్టవని నా నమ్మకం.

గైర్హాజరు కేసులు కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవై ఒక్క రోజులు దాటి కనిపించకపోతే పోలీసు శాఖ డిజర్టర్ అంటుంది. ఆ కానిస్టేబుల్ తల్లి ఆసుపత్రిలో ఉందా, అతనే మంచం పట్టాడా అని అడగదు. కావాలనే రాలేదని రుజువైతేనే అది దుష్ప్రవర్తన అవుతుందని 2012లో పర్మార్ కేసు చెప్పింది. ఆ ఒక్క ప్రశ్న విచారణలో అడిగి ఉంటే ఎన్ని డిస్మిసల్‌లు ఆగేవో.

7. విధి చేయని పోలీసును వదిలిపెట్టకు

నేను ఈ వృత్తిలో మనసు పెట్టి నిలబడింది దీనికోసమే.

1991లో మా ఊళ్లో సాంఘిక బహిష్కరణ జరుగుతోందని పోలీసులకు తెలుసు. నిషేధాజ్ఞలు పెట్టారు, పికెట్ పెట్టారు. ఆ పికెట్ ఉండగానే ఎనిమిదిమంది దళితులను చంపారు. పారిపొమ్మని మగవాళ్లకు చెప్పింది పోలీసులేనని బాధితులు చెప్పారు. చనిపోయినవాళ్లను ఊరి నడుమ పాతిపెట్టిన చోటును రక్తక్షేత్రం అంటాం. నేరం జరిగిన చోటే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది.

హంతకుల నేరం గురించి దేశమంతా మాట్లాడింది. విధి చేయని పోలీసు గురించి మాట్లాడింది తక్కువ. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో మొదటినుంచీ 4వ సెక్షన్ ఉంది. కావాలని విధి నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2015 సవరణ ఆ విధులేమిటో ఒక్కొక్కటిగా రాసింది: ఫిర్యాదు నమోదు చేయడం, చదివి వినిపించడం, కాపీ ఇవ్వడం, వాంగ్మూలం తీసుకోవడం, గడువులోపు చార్జిషీటు వేయడం. ఇంతా చేసి ఆ సవరణే ఒక షరతు కూడా పెట్టింది. పరిపాలనాపరమైన విచారణ సిఫార్సు చేస్తేనే ఆ ఉద్యోగి మీద కేసు.

అంటే తాళం మళ్లీ శాఖ విచారణ చేతిలోనే ఉంది. ఆ విచారణ జరపకపోతే, లేదా మొక్కుబడిగా జరిపితే, 4వ సెక్షన్ పుస్తకంలోనే ఉండిపోతుంది. శాఖ న్యాయవాది ఇక్కడ శాఖను కాపాడుతున్నానని అనుకుని మౌనంగా ఉండకూడదు. ఫిర్యాదు ఎప్పుడు వచ్చింది, జీడీలో ఎప్పుడు రాశారు, ఎఫ్ఐఆర్ ఎందుకు ఆలస్యమైంది, ఈ మూడు తేదీలు పెట్టి విచారణ కోరమని రాతపూర్వకంగా సలహా ఇవ్వాలి. ఆ సలహా అందుకున్న అధికారికి అది రుచించకపోవచ్చు. నేను రాసినప్పుడు కొందరికి రుచించలేదు. అయినా అది ఫైలులో ఉండాలి. ఎన్నాళ్లకైనా ఎవరో ఒకరు ఆ ఫైలు తెరుస్తారు.

8. ఉద్యోగానికి ముందే మొదలయ్యే కేసులు

మన పల్లెల్లో సంక్రాంతికి కోడిపందేల దగ్గర, పేకాట దగ్గర పట్టుబడి గేమింగ్ చట్టం కింద చిన్న కేసున్న కుర్రాళ్లు ఉంటారు. గట్టు తగాదాలో అన్నదమ్ములందరి పేర్లూ రాసిన కేసులు ఉంటాయి. ఆ కుర్రాడే రేపు కానిస్టేబుల్ పరీక్ష రాస్తాడు. 2022 చివర్లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వస్తే మన జిల్లాలో ఊరూరా కుర్రాళ్లు పొద్దున్నే పరుగుకు వెళ్లారు. వాళ్లకు చెప్పేదొకటే. అటెస్టేషన్ ఫారంలో ఆ కేసు రాయండి. రాజీ అయిపోయినా రాయండి, కొట్టేసినా రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు చెప్పినదాని ప్రకారం, చిన్న కేసు దాచినా శాఖ క్షమించవచ్చు, క్షమించకపోవచ్చు. చెప్పినవాడి విషయంలో కూడా తగినవాడా కాదా అని చూసే అధికారం శాఖకుంది. కానీ దాచినవాడి చేతిలో వాదన మిగలదు. శాఖ న్యాయవాదిగా నేను అలాంటివాళ్లకు వ్యతిరేకంగా వాదించాను. ఫీజు కట్టి, కోచింగ్ తీసుకుని, అయిదేళ్లు కష్టపడిన పిల్లవాడి ఉద్యోగం ఒక గడిలో ‘లేదు’ అని రాసినందుకు పోవడం చూసినప్పుడు బాధగా ఉండేది.

9. సీనియారిటీ కేసుల్లో ఓపిక పట్టు

ఇవి నీరసమైన కేసులు, కానీ జీవితాలు వాటిమీదే నడుస్తాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల కింద కానిస్టేబుల్ జిల్లా కేడర్, ఎస్సై జోన్ కేడర్. అప్పటి గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు కలిసి మూడో జోనుగా ఉండేవి. నేరుగా వచ్చిన ఎస్సైకీ, ప్రమోషన్‌తో వచ్చిన ఎస్సైకీ మధ్య తగాదా తెగేది కాదు. హైదరాబాదు నగర పోలీసును ఈ ఉత్తర్వుల నుంచి మినహాయించిన 14ఎఫ్ క్లాజు మీద పెద్ద ఉద్యమమే నడిచి, 2012లో అది రద్దయింది. సీనియారిటీ కేసును ఎప్పుడూ నియామకపు తేదీతో మొదలుపెట్టకు, ఖాళీ ఏర్పడ్డ తేదీ, కోటా, రోస్టరుతో మొదలుపెట్టు.

10. ట్రిబ్యునల్ పోయాక

371డి అధికరణ కింద వచ్చిన మన ట్రిబ్యునల్ తీర్పును మొదట్లో ప్రభుత్వం మార్చగలిగేది, రద్దు కూడా చేయగలిగేది. ఓడిన కక్షిదారే తీర్పు మార్చుకునే ఆ ఏర్పాటును 1987లో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. తెలంగాణకు 2016లో, మనకు 2020లో ట్రిబ్యునలే రద్దయింది. కేసులు హైకోర్టుకు మారాయి. హైకోర్టు ఉన్న నేలపాడు తెనాలికి హైదరాబాదుకన్నా దగ్గరే. అయినా సర్వీసు నియమాలు తప్ప మరొకటి చూడని బెంచి పోవడం కానిస్టేబుల్‌కు నష్టమనే నా అభిప్రాయం. భూసేకరణ, బెయిళ్లు, ఎన్నికల పిటిషన్ల మధ్య అతని ఇంక్రిమెంటు కేసు ఎన్నాళ్లు ఎదురుచూడాలి?

అందుకే తెనాలి, బాపట్ల, రేపల్లె బార్‌లలోని కుర్ర న్యాయవాదులకు నా విన్నపం. సర్వీసు కేసు హైకోర్టులో మొదలవుతుందనుకోకండి. అది చార్జి మెమో చేతికందిన రోజు మొదలవుతుంది. విచారణ గదిలోకి మామూలుగా మిమ్మల్ని రానివ్వరు, అక్కడ ఉద్యోగికి తోటి ఉద్యోగే తోడు. కాని మెమోకు జవాబు రాయడంలో, ఏ పత్రాలు అడగాలో, ఏ సాక్షిని ఏం ప్రశ్నించాలో చెప్పడంలో మీరు సాయం చేయవచ్చు. కానిస్టేబుల్ వస్తే అతనికి సాయం చేయండి. ఫిర్యాదు తీసుకోలేదని దళితవాడ నుంచి మనిషి వస్తే, స్టేషన్‌కు వెళ్లిన తేదీ, సమయం రాయించి, పరిపాలనా విచారణ కోరుతూ ఎస్పీకి, కలెక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపండి. ఈ రెండు పనులకూ ఫీజు గురించి ఆలోచించకండి.